బుల్లెట్టు టార్కూ సైకిలు పెడలూ

అరవై కిలోల మనిషి సైకిలు పెడలు మీద ఒంటికాలితో లేచి నిలబడితే, పెడలు తిరిగే ఇరుసు దగ్గర సుమారు 100 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే ఇరుసును తిప్పే ప్రభావం, పుడుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఇంజను ఇవ్వగలిగిన అత్యధిక టార్కు 27 న్యూటన్ మీటర్లు. హీరో స్ప్లెండర్ ప్లస్‌ది 8 చిల్లర. మరి సైకిలు తొక్కే మనిషి బుల్లెట్టుకంటే దాదాపు నాలుగింతలు బలవంతుడా? కాదని అందరికీ తెలుసు. ఎందుకు కాదో చెప్పమంటే మాత్రం, బండ్ల గురించి గంటలకొద్దీ మాట్లాడేవాళ్ళు కూడా నీళ్ళు నములుతారు.

మా ఇళ్ళల్లో ఎవరు బండి కొనాలనుకున్నా మాట టార్కు దగ్గరికే వస్తుంది. "పవర్ ఏం చేసుకుంటాం బావా, టార్కు చూడు, కొండైనా లాగేస్తుంది" అని మా బావమరిది అనని పండగ లేదు. వాడొక్కడే కాదు. యూట్యూబులో బండ్ల సమీక్షలు చేసేవాళ్ళు, షోరూములో అమ్మేవాళ్ళు, చివరికి నా దగ్గర ఇంటర్ చదివే పిల్లలు కూడా ఇదే మాట. టార్కు అంటే లాగే శక్తి, పవర్ అంటే పరిగెత్తే శక్తి అని రెండు పెట్టెలు చేసి పెట్టుకున్నారు. నేను ఒప్పుకోను. టార్కు అంకె ఒంటరిగా బండి గురించి ఏమీ చెప్పదు. ఏ ఇరుసు దగ్గర కొలిచారు, ఆ ఇరుసు ఎంత వేగంగా తిరుగుతున్నప్పుడు కొలిచారు, ఈ రెండూ పక్కన లేకపోతే ఆ అంకెతో ఏ బండినీ తూచలేం.

పెడలు దగ్గరే మొదలుపెడదాం. పెడలు కడ్డీ పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. అరవై కిలోల మనిషి బరువు అంటే 588 న్యూటన్ల బలం. కడ్డీ నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు ఆ బలాన్ని 0.17 మీటర్లతో గుణిస్తే 100 వస్తుంది. లెక్క అంతే. కానీ ఆ "సమాంతరంగా ఉన్నప్పుడు" అన్న షరతులోనే విషయమంతా ఉంది. పెడలు నిట్టనిలువుగా పైన ఉన్నప్పుడు అదే మనిషి అదే బరువుతో నిలబడినా టార్కు సున్నా. బలం వెళ్ళే దారి నేరుగా ఇరుసులోంచే పోతుంది కాబట్టి, ఎంత తొక్కినా ఇరుసు వంగుతుందేమో గానీ తిరగదు. పెద్ద సైకిలు అడ్డకడ్డీ కిందినుంచి కాలు దూర్చి అరపెడలు తొక్కిన వాళ్ళకు ఇది ఒంటికి తెలిసిన సంగతి. పెడలును పూర్తిగా తిప్పలేని ఆ పిల్లలు, కడ్డీ అడ్డంగా ఉండే ఆ కొద్ది మేర మాత్రమే కిందికి నొక్కి, మళ్ళీ వెనక్కి తెచ్చుకుని, మళ్ళీ నొక్కేవారు. టార్కు పుట్టే చోటు ఏదో ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నారు.

తిరగలి పిడి మధ్యలో కాకుండా రాయి అంచు దగ్గర దిగేసి ఉండడానికి కారణమూ అదే. బలం ఎంతన్నది సగం సంగతి, ఇరుసుకు ఎంత ఎడంగా, ఏ కోణంలో పడుతోందన్నది మిగతా సగం.

ఇంటర్ మొదటి సంవత్సరంలో భ్రమణ చలనం పాఠం వచ్చేసరికి మనం చేసే పని నాకు బాధ కలిగిస్తుంది. సరళరేఖలో చలనానికి ఉన్న సూత్రాలన్నీ ఎడమవైపు, వాటికి సాటి వచ్చేవి కుడివైపు రాసి ఒక పట్టిక ఇస్తాం. బలానికి టార్కు, ద్రవ్యరాశికి జడత్వ భ్రామకం, వేగానికి కోణీయ వేగం. పిల్లలు దాన్ని ఒక్క సాయంత్రంలో బట్టీ పట్టేస్తారు. సదిశల లబ్ధాన్ని నిర్ధారకంతో కట్టి సమాధానం తెస్తారు. ఈఏపీసెట్‌లో మార్కులూ వస్తాయి. అదే పిల్లాణ్ణి పెడలు ఏ స్థితిలో ఉన్నప్పుడు తొక్కినా ప్రయోజనం లేదని అడిగితే కాగితం కోసం వెతుక్కుంటాడు. పట్టికలో తప్పు లేదు. అది పాఠం చివర రావాలి. మొదట్లో ఇస్తే పిల్లవాడి తలలో టార్కు అన్నది బలానికి ఇంకో పేరుగా స్థిరపడిపోతుంది. మా బావమరిది వాదన పుట్టింది అక్కడే.

ఇక గుర్రం సంగతి. హార్స్‌పవర్ అన్న కొలత ఎలా వచ్చిందో చూస్తే టార్కు, పవర్ వేరువేరు జాతులు కావని తేలిపోతుంది. తన ఆవిరి యంత్రాలు ఎన్ని గుర్రాల పని చేస్తాయో కొనేవాళ్ళకు చెప్పాలని జేమ్స్ వాట్ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మిల్లు గుర్రాల లెక్క తీశాడు. గుర్రం 12 అడుగుల వ్యాసార్థం ఉన్న వలయంలో నడుస్తూ, గంటకు 144 చుట్లు తిరుగుతూ, 180 పౌండ్ల బలంతో లాగుతుందని ఆయన వేసుకున్న అంచనాగా చెబుతారు. గుణిస్తే నిమిషానికి 32,572 అడుగు పౌండ్ల పని వస్తుంది. దాన్ని 33,000గా గుండ్రం చేసి ఒక హార్స్‌పవర్ అన్నాడు. ఇప్పటి కొలతలో 746 వాట్లు.

ఆ గుర్రం ఇచ్చిన టార్కు ఎంతో లెక్క కట్టండి. 180 పౌండ్లు అంటే 800 న్యూటన్లు, 12 అడుగులు అంటే 3.66 మీటర్లు. గుణిస్తే 2,900 న్యూటన్ మీటర్ల పైమాటే! మన రహదారుల మీద పోయే పెద్ద లారీల ఇంజన్లు వెయ్యికి అటూ ఇటూ ఇస్తాయి. ఒక్క గుర్రం మూడు లారీ ఇంజన్ల టార్కు ఇచ్చింది. ఇచ్చి, నిమిషానికి రెండు చుట్లు, మూడో చుట్టులో సగం కూడా తిరగలేదు. అందుకే దాని పవర్ ఒక్క హార్స్‌పవర్ దగ్గర ఆగింది. మన గానుగ ఎద్దుదీ ఇదే కథ. పొడవాటి దూలం చివర కట్టిన ఎద్దు మధ్యలో ఉన్న రోకలికి ఇచ్చే టార్కు ముందు ఏ మోటారు సైకిలు ఇంజనూ నిలవదు. ఆ ఎద్దును పెట్టి బండిని గంటకు ఎనభై కిలోమీటర్లు నడిపించగలమా?

టార్కును కోణీయ వేగంతో, అంటే ఇరుసు తిరిగే వేగంతో, గుణిస్తే పవర్. హార్స్‌పవర్ అన్న మాటలోనే ఈ గుణకారం ఉంది. పవర్ వద్దు టార్కు చాలనడం పొలం వెడల్పు చెప్పండి చాలు, పొడవు అక్కర్లేదనడం లాంటిది.

ఇంజన్లను కొలిచే పద్ధతిలోనూ ఇదే కనిపిస్తుంది. ఫ్రాన్సుకు చెందిన గాస్పార్ ద ప్రోనీ 1821లో కనిపెట్టిన బ్రేకు చాలా సాదా పరికరం. తిరిగే ఇరుసును చెక్క దిమ్మెలతో బిగించి పట్టుకుంటారు. ఆ దిమ్మెలకు ఒక పొడవాటి కర్ర. ఇరుసు రాపిడితో కర్రను తనతోపాటు తిప్పుకుపోవాలని చూస్తుంది, కర్ర చివర బరువు వేలాడదీసి దాన్ని కదలకుండా ఆపుతారు. బరువును కర్ర పొడవుతో గుణిస్తే టార్కు. నిమిషానికి ఇరుసు ఎన్ని చుట్లు తిరుగుతోందో లెక్కపెడితే వేగం. రెండూ గుణిస్తే పవర్. ఇప్పటి డైనమోమీటర్లలో చెక్కల స్థానంలో అయస్కాంతాలు, నీళ్ళు వచ్చాయి, లెక్క మారలేదు. నేరుగా కొలిచేది టార్కునూ వేగాన్నీ, పవర్ ఆ రెండింటి లబ్ధం.

ఇప్పుడు బుల్లెట్టు దగ్గరికి వద్దాం. కొత్త క్లాసిక్ 350ను కూడా మన ఊళ్ళల్లో బుల్లెట్టనే అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. దాని 27 న్యూటన్ మీటర్లు 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర. అక్కడ పవర్ లెక్క కడితే 11.3 కిలోవాట్లు. దాని అత్యధిక పవర్ 20.2 హార్స్‌పవర్ 6,100 దగ్గర వస్తుంది, అంటే దాదాపు 15 కిలోవాట్లు. ఆ వేగంలో టార్కు ఎంత ఉండాలి? వెనక్కి భాగిస్తే 23 చిల్లర. టార్కు తగ్గింది, పవర్ పెరిగింది. స్ప్లెండర్‌లోనూ ఇంతే. 6,000 దగ్గర 8.05 న్యూటన్ మీటర్లతో 5 కిలోవాట్లు, 8,000 దగ్గర టార్కు 7కు పడిపోయినా 5.9 కిలోవాట్లు. బ్రోచర్లో ఈ రెండు అంకెలు పక్కపక్కన అచ్చేసి ఉంటాయి. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని రాబట్టవచ్చని ఎవరూ చెప్పరు.

సైకిలు మనిషికి ఇదే పరీక్ష పెడదాం. ఆయన 100 న్యూటన్ మీటర్లను చుట్టు పొడుగునా ఇస్తూ నిమిషానికి 60 చుట్లు తొక్కాలంటే 628 వాట్లు కావాలి. మామూలు మనిషి గంటసేపు ఇవ్వగలిగేది వంద వాట్లు అటూ ఇటూ. అంత టార్కు ఒక్క తొక్కుకు ఇవ్వగలడు. ఆ వేగంలో నిలబెట్టలేడు.

గేర్ల దగ్గర ఇంకా అందమైన సంగతి ఉంది. సైకిలుకు ముందు పళ్ళచక్రం పెద్దది, వెనకది చిన్నది. ముందు 48 పళ్ళు, వెనక 18 పళ్ళు అనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 2.67 చుట్లు తిరుగుతుంది. వేగం అంత పెరిగింది కాబట్టి టార్కు అంత తగ్గాలి. పెడలు దగ్గరి 100, వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి 37.5. చక్రం వ్యాసార్థం 35 సెంటీమీటర్లయితే రోడ్డును వెనక్కి తోసే బలం 107 న్యూటన్లు, అంటే పదకొండు కిలోల బరువంత. బుల్లెట్టులో సరిగ్గా తిరగేసిన లెక్క. మొదటి గేరులో ఇంజను పదిహేను చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనుకుందాం. రాపిడి నష్టాలు వదిలేస్తే 27 కాస్తా చక్రం దగ్గర 405 అవుతుంది. వ్యాసార్థం 32 సెంటీమీటర్లు వేసుకుంటే రోడ్డు మీద తోపు 1,265 న్యూటన్లు. మనిషి కాలు నెమ్మదిగా, గట్టిగా తొక్కుతుంది కనుక సైకిలు టార్కు వదులుకుని వేగం కొనుక్కుంటుంది. ఇంజను వేగంగా, మెత్తగా తిరుగుతుంది కనుక బండి వేగం వదులుకుని టార్కు కొనుక్కుంటుంది. రెండు పక్కలా మారనిది పవర్ ఒక్కటే. గేరు పెట్టె ఎంత మంచిదైనా పవర్‌ను పెంచలేదు.

కాబట్టి తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఏ బండి బాగా లాగుతుందన్న ప్రశ్నకు జవాబు ఇంజను టార్కులో దొరకదు. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. ఆ వేగంలో ఇంజను 11.3 కిలోవాట్లు ఇస్తుంటే రోడ్డు మీద తోపు దాదాపు 1,000 న్యూటన్లు. గేరు ఒకటి తగ్గించి, అదే 40లో ఇంజనును 15 కిలోవాట్లు ఇచ్చే వేగానికి తీసుకెళితే తోపు 1,300 దాటుతుంది. అక్కడ ఇంజను టార్కు తగ్గిందని ఇందాకే చూశాం. అయినా బండి ఇంకా గట్టిగా ఎక్కుతుంది. సగం టార్కుతో రెట్టింపు వేగంగా తిరిగే చిన్న ఇంజను ఉన్న బండి కూడా సరైన గేరులో ఉంటే ఇదే కొండను ఇంతే బాగా ఎక్కుతుంది.

మా బావమరిది ఒప్పుకోడు. "గేరు మార్చకుండానే ఎక్కుతుంది కదా బావా" అంటాడు. ఆ మాటలో నిజం ఉంది. తక్కువ వేగంలోనే మంచి టార్కు ఇచ్చే ఇంజనుతో మాటిమాటికీ గేరు తగ్గించక్కర్లేదు. రోజూ ఆఫీసుకు విజయవాడ బెంజ్ సర్కిల్ మీదుగా పోయేవాడికి అది చిన్న సుఖమేమీ కాదు. కానీ ఆ సుఖానికి కొలత టార్కు శిఖరం కాదు. శిఖరానికి ముందు టార్కు ఎంత కిందినుంచి, ఎంత చదునుగా ఉందన్న గీత. ఆ గీతను బ్రోచర్లలో అచ్చు వేయరు. వేయాలని నేను అంటున్నాను.

ఆ సుఖంలో సగం టార్కుది కూడా కాదు. ఇది నాకు బాగా ఇష్టమైన భాగం.

బుల్లెట్టులోలాంటి ఒక్క సిలిండరు ఇంజను రెండు చుట్లకు ఒకసారే తోస్తుంది. మిగతా మూడు దశల్లో, అంటే పొగ బయటికి తోలేటప్పుడు, గాలి పీల్చేటప్పుడు, దాన్ని నొక్కేటప్పుడు, పిస్టన్‌ను ఎవరో ఒకరు లాక్కుపోవాలి. నిమిషానికి వెయ్యి చుట్ల దగ్గర ఆ ఖాళీ సెకనులో పదకొండో వంతు. ఆ మేరకు ఇంజనును ఆగిపోకుండా నడిపించేది ఫ్లైవీలు, అంటే ఇంజను ఇరుసుతోపాటే తిరిగే చక్రం. పాత బుల్లెట్లలో అది బాగా బరువైనది. అందుకే అంత నింపాదిగా, దెబ్బ దెబ్బకీ మధ్య ఎడం వినిపిస్తూ కొట్టుకునేవి.

తిరిగే వస్తువులో బరువెంత ఉందన్నదే కాదు, ఎక్కడ ఉందన్నది కూడా లెక్కే. ఇరుసునుంచి రెండింతల దూరంలో పెట్టిన కిలో నాలుగింతలు మొరాయిస్తుంది. జడత్వ భ్రామకమంటే అదే. అందుకే ద్రవ్యరాశికి సాటి అని పట్టికలో రాసి వదిలేయకూడదు. ద్రవ్యరాశి ఎక్కడికి తీసుకెళ్ళినా అంతే ఉంటుంది. ఇది ఇరుసు మారితే మారిపోతుంది. ఒకే బరువున్న నిండు పళ్ళేనికి, ఒట్టి కమ్మీ వలయానికి వ్యాసార్థం ఒకటే అయినా వలయానిది రెట్టింపు.

కుమ్మరి సారెను చూడండి. చక్రానికి బరువంతా అంచు వైపు ఉంటుంది. కర్ర పెట్టి తిప్పే గుంట కూడా అంచు దగ్గరే. ఇరుసుకు దూరంగా తోస్తే టార్కు దూరాన్ని బట్టి పెరుగుతుంది, బరువు దూరంగా ఉంటే మొరాయింపు దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే పెద్ద సారె వేగం అందుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. ఒకసారి అందుకుంటే కర్ర పక్కన పెట్టేసి రెండు చేతులూ మట్టికి ఇవ్వవచ్చు. మట్టిని నొక్కే చేతులు సారెను ఆపాలనే చూస్తాయి. అంచున ఉన్న బరువు దాన్ని ఆగనివ్వదు. కుండ గోడ సమంగా లేవడం ఆ స్థిరమైన వేగం వల్లే. టార్కు లేని వేళ పని జరిపించడమే ఆ చక్రం పని, బుల్లెట్టు ఫ్లైవీలు పనీ అదే.

సిగ్నలు దగ్గర క్లచ్ వదిలినప్పుడు బుల్లెట్టు మెత్తగా, గట్టిగా ముందుకు నెడుతుంది కదా, దాన్నే జనం టార్కు అంటారు. ఆ క్షణంలో క్లచ్ దగ్గర పనిచేసే టార్కు బ్రోచర్లోని 27 కంటే ఎక్కువ ఉండవచ్చు. ఫ్లైవీలు తన వేగం తగ్గించుకుంటూ తన వంతు కలుపుతుంది. ఆ శక్తి ఒకసారి ఖర్చయ్యాక ఇంజను మళ్ళీ నింపాలి. బరువైన ఫ్లైవీలు వల్ల నష్టమూ ఉంది. యాక్సిలరేటర్ తిప్పిన వెంటనే ఇంజను వేగం అందుకోదు. టార్కును జడత్వ భ్రామకంతో భాగిస్తే కోణీయ త్వరణం, కింద ఉన్నది పెద్దదైతే ఫలితం చిన్నది. తేలికైన ఫ్లైవీలు ఉన్న స్పోర్ట్స్ బండి చిటికెలో అరుస్తుంది, ట్రాఫిక్‌లో చిటికెలో ఆగిపోతుంది. వీటిలో ఏది మంచిదో నడిపేవాడి అవసరాన్ని బట్టి ఉంటుంది. కానీ ఆ తేడాను టార్కు ఖాతాలో వేయకూడదు.

ఇప్పుడు కరెంటు స్కూటర్లు వచ్చాక గందరగోళం ఇంకా పెరిగింది. చక్రంలోనే మోటారు ఉండే కొన్ని స్కూటర్లకు 140 న్యూటన్ మీటర్లని వేస్తారు. బుల్లెట్టుకు 27, దీనికి 140 అని జనం నోరు తెరుస్తారు. 140 చక్రం ఇరుసు దగ్గర కొలిచింది, 27 గేర్లకు ముందు కొలిచింది. బుల్లెట్టు చక్రం దగ్గర మొదటి గేరులో 405 అని పైన చూశాం. టాప్ గేరులో ఇంజను ఐదున్నర చుట్లకు చక్రం ఒక చుట్టు అనుకుంటే 148. స్కూటరు 140 దాదాపు బుల్లెట్టు టాప్ గేరుతో సమానం. స్కూటరు దాన్ని ఆగి ఉన్న స్థితినుంచే ఇవ్వగలదు, అది నిజంగా గొప్ప గుణం. వేగం పెరిగేకొద్దీ దాని పవర్ అడ్డొచ్చి టార్కు పడిపోతుంది. ఆ రెండు అంకెలనూ ఒకే వరసలో నిలబెట్టి పోల్చే సమీక్ష ఏదైనా నన్నడిగితే చూడక్కర్లేదు.

టార్కు అంకె ఒక్కటే చాలిన చోటు ఒకటుంది. బోల్టు బిగించే చోట. అక్కడ చివరికి ఏదీ తిరగదు. వేగం సున్నా, పవర్ సున్నా. పానా మీద ఎంత చెమట కారినా తిరగని నట్టు మీద జరిగిన పని కూడా సున్నాయే. టార్కును తిరిగిన కోణంతో గుణిస్తేనే పని. న్యూటన్ మీటరూ జౌలూ ఒకేలా కనిపించినా టార్కును జౌళ్ళలో చెప్పకపోవడానికి కారణం అదే. మోటారు సైకిలు ఇంజనాయిలు బోల్టుకు మాన్యువల్లో సాధారణంగా 20 నుంచి 30 న్యూటన్ మీటర్లుంటుంది. పాతిక సెంటీమీటర్ల పానాతో 25 రావాలంటే చివర పది కిలోల బలం చాలు. నలభై కిలోలతో లాగే మనిషికి అదే పానా మీద దాదాపు 100 వస్తుంది. పానాకు మీటరు పొడుగు గొట్టం తొడిగితే 390. ఇంజను అడుగు అల్యూమినియం, బోల్టు ఉక్కు. ఏది ఓడిపోతుందో చెప్పక్కర్లేదు. ఒక షెడ్డులో నా బండికి అలాగే బిగించారు. మరుసటి ఆయిల్ మార్పుకు త్రెడ్డు బోల్టుతోపాటే ఊడివచ్చింది. కొత్తగా త్రెడ్డు తీయించి లావు బోల్టు వేయించాల్సి వచ్చింది.

ఆటోనగర్లో టార్కు రెంచి వాడే మెకానిక్కులు ఉన్నారు. కారు చక్రాల నట్లకు, సిలిండర్ హెడ్డుకు దాన్ని తీస్తారు. బైకు ఆయిల్ బోల్టుకు మాత్రం చెయ్యే లెక్క. మంచి మెకానిక్కు చేతికి ఆ లెక్క ఉంటుంది, కుర్రాడి చేతికి ఇంకా వచ్చి ఉండదు. బండి కొనేటప్పుడు టార్కు అడిగేవాళ్ళు సర్వీసుకు ఇచ్చేటప్పుడు కూడా అడగాలి. ఈ బోల్టుకు ఎంత పెట్టమన్నారన్నా అని. ఆ అంకె మాన్యువల్లో ఉంటుంది.